కాలరు కోయించిన కోటు

తుంగభద్రలో నడుములోతున నిలబడి విసురు వల వేయడం దుర్గప్ప వృత్తి. తడి వలను భుజంపైకి ఎత్తిన ప్రతిసారీ నీళ్లు ఛాతీ మీదుగా కారుతాయి. నిరుడు చలికాలంలో అతనికి ఊపిరితిత్తులలో నెమ్ము చేరింది. ఛాతీ మళ్లీ తడిస్తే ఏటిపని మానుకోవలసిందేనని డాక్టరు తేల్చిచెప్పాడు. అతనికి వేరే పని రాదు.

ఏదో పథకం కింద ఉచితంగా ఒక వానకోటు ఇచ్చారు. అది మోకాళ్లు దాటి ఉంది. నీళ్లలో దిగగానే దాని అంచులు విచ్చుకుని, నీరు పట్టి, మనిషిని ప్రవాహంలోకి లాగాయి. ఆ పొడవును నిర్ణయించినవారు ఏట్లో నిలబడే ఒక్క మనిషినైనా అడిగారా? దస్త్రంలో లబ్ధిదారు సంతకం ఉంది. అతని నడుము ఎత్తు మాత్రం లేదు.

అందుకే దుర్గప్ప, భార్య సుంకులమ్మతో కలిసి, వలను సంచిలో పెట్టుకుని ఎమ్మిగనూరులో వానకోట్లు అమ్మే వీరన్న దుకాణానికి వెళ్లాడు. మొదట ఒక పొట్టి కోటు తొడుక్కుని, చేతులు ఆడతాయో లేదో చూడటానికి వల బయటికి తీశాడు. వల అంచున ఉన్న సీసపు గుండ్లు నేలపై గలగలలాడాయి. తర్వాత కోటు విప్పి, దాని ఒక చేతి కొసను దారంతో బిగించి కట్టి, చెంబెడు నీళ్లు అడిగి ఆ కోటు చేతిలోకి పోశాడు. కుట్టు దగ్గర చుక్కలు కారాయి.

"కోటు కొనను వచ్చినావా, అంగడి కడగను వచ్చినావా అన్నా?" అన్నాడు వీరన్న.

"నీళ్లు లోపల్నుంచి బయటికొస్తే, బయట్నుంచి లోపలికి రావా అప్పా?"

రెండో కోటుకు కుట్ల మీద లోపలివైపు పట్టీ అతికించి ఉంది. ఒక్క చుక్క కారలేదు. కానీ విసిరే ముందు వల అంచును పళ్లతో పట్టుకోవాలి. కాలరు గడ్డం దాకా వచ్చి అడ్డుపడింది.

"కాలరు కోయించాల."

"కోస్తే వాపసు తీసుకోను, ముందే సెప్తాండా."

"కోయనీలే అప్పా," అంది సుంకులమ్మ. "నోట్లో వల ఉంటేనన్నా బీడీ ఉండదు."

పక్కనున్న దర్జీ కత్తెర వేశాడు.

మరునాడు ఉదయం సుంకులమ్మ అతని కోటు లోపలి జేబులో, ఛాతీ దగ్గర, అగ్గిపెట్టె పెట్టింది. దుర్గప్ప ముప్పైసార్లు వల విసిరి గట్టెక్కాడు. కోటు మీద నీళ్లు ధారలుగా జారుతున్నాయి. ఆమె అతని కోటు లోపలి జేబులో చెయ్యి పెట్టి అగ్గిపెట్టె తీసి, పుల్ల గీసింది.

మొదటి గీతకే వెలిగింది.

"రేపు గూడా పో," అంది.