బుస్కారెల్ వంశంలో దొంగిల్లు

మా లకొస్తాద్‌లో రాయి విసిరితే బుస్కారెల్‌కి తగులుతుంది. గురి తప్పితే బుస్కారెల్ ఆవుకి తగులుతుంది. ఊళ్ళో ఉన్నవే నలభై గడపలు, అందులో ముప్ఫైనాలుగు వాళ్ళవే. నేను పుట్టుకతో ఆ ఇంటిపేరుదాన్ని కాదు. ఫ్రాన్సులో ఉత్తరాది నుంచి ఈ ఊరొచ్చి ఒక బుస్కారెల్‌ని పెళ్ళాడి, మేయరు ఆఫీసులో గుమాస్తాగా చేరి, ఇరవై ఆరేళ్ళుగా ఆ ఒక్క పేరే రాసి రాసి వేళ్ళు అరగదీసుకున్నాను.

అందరిదీ ఒకే ఇంటిపేరైతే మనిషిని పోల్చుకునేదెలా? అందుకని ఇక్కడ ప్రతి ఇంటికీ ఒక మారుపేరు ఉంది. ఎప్పుడో ఏ ముత్తాతో చేసిన నిర్వాకం మునిమనవళ్ళ దాకా అంటుకుని ఉంటుంది. మూడుముక్కుల వాళ్ళు, సూపు ఒలకబోసిన వాళ్ళు, కర్నల్ గారి వాళ్ళు. మా ఆయనది గొర్రెమాట వాళ్ళ ఇల్లు. ఎందుకని అడక్కండి, ఆయన నోరు విప్పితే మీకే తెలుస్తుంది. ఈ పేర్లు ఊళ్ళో ఎంతయినా వాడుకోవచ్చు, బయటివాడి చెవిన మాత్రం వెయ్యకూడదు. కాపురానికొచ్చిన మూడేళ్ళ దాకా నాకే ఎవరూ చెప్పలేదు.

సిదోనీది దొంగిల్లు.

సిదోనీ మా ఊరికి ముప్ఫై ఎనిమిదేళ్ళు ఉత్తరాలు పంచింది. పొట్టి మనిషి, గట్టి పిక్కలు, గడ్డం దగ్గర పుట్టుమచ్చ. కవరు మీద 'పి. బుస్కారెల్, లకొస్తాద్' అని తప్ప ఇంకేమీ ఉండేది కాదు. ఆ అక్షరంతో ఊళ్ళో తొమ్మిది మంది. సిదోనీ దస్తూరీ చూసేది, ఎక్కడి ముద్రో చూసేది, కవరు బరువు చూసేది. పారిస్‌లో కాఫీ హోటల్ నడిపే కొడుకు రాసిందా, టూలూజ్‌లో పళ్ళ డాక్టరు పంపిందా ఇట్టే చెప్పేసేది. ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఒక్క కవరు తప్పిపోలేదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇద్దరు పోలీసులు ఆఫీసుకొచ్చారు. వేట నిషేధం ఉన్న నెలలో ఎవరో ఏట్లో చేపలు పట్టారట. జె. బుస్కారెల్ ఇల్లు ఎక్కడని అడిగారు. నాకు తెలుసు, చెప్పబోయాను. టపా ఇవ్వడానికొచ్చిన సిదోనీ బల్ల కింద నా కాలు కసిక్కున తొక్కింది.

"ఏ బుస్కారెల్ అండీ?" అంది వాళ్ళతో.

"జె. బుస్కారెల్."

"పదకొండు మంది ఉన్నారు బాబూ. ఇద్దరు పోయారు. వాళ్ళనీ కలపమంటారా?"

పోలీసులు మూడిళ్ళ తలుపులు కొట్టి, మూడు చోట్లా వైను తాగి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం సిదోనీ కాగితంలో చుట్టిన చేప ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది.

"తిను గిలెన్. తిన్నాక ఇంక చెప్పలేవు."

అంతటి మనిషికీ ఊళ్ళో ఒక ముల్లు ఉండేది. ఆ ముల్లు పేరు లెయోన్స్, కర్నల్ గారి ఇంటివాడు. చిన్నప్పుడు బళ్ళో సిదోనీ పక్కనుంచి వెళ్తే తిండి సంచీ గుండెలకి హత్తుకుని, "దొంగొస్తోంది, దాచుకోండిరోయ్" అనేవాడట. డెబ్బై ఏళ్ళొచ్చినా మానలేదు. సిదోనీ కనబడితే చాలు, రొట్టెల దుకాణం ముందు సంచీ హత్తుకునేవాడు. అందరూ నవ్వేవాళ్ళు, సిదోనీ కూడా నవ్వేది. మా వంటింట్లో ఒకసారి మాత్రం మాట జారింది.

"నవ్వకేం చెయ్యను? ఏడిస్తే ఇంకా ఎక్కువ అంటారని ఆరేళ్ళప్పుడే తెలిసింది నాకు. మా తాతల్లో ఎవడు ఏం దొంగిలించాడో కూడా ఎవడికీ తెలీదు గిలెన్. పేరు మాత్రం నేను మోస్తున్నాను."

నాకు ఆ రోజు లెయోన్స్ మీద ఎంత కోపం వచ్చిందంటే, ఆయన పెన్షను కాగితాల మీద ముద్ర వెయ్యకుండా రెండు వారాలు తొక్కిపెట్టాను. తప్పే. ఇప్పటికీ పశ్చాత్తాపం లేదు.

సిదోనీ రిటైరయ్యాక వచ్చిన కుర్ర పోస్టుమాన్ బయటివాడు. మారుపేర్లు తెలియవు, ఎవరూ చెప్పరు. ఒక ముసలాయన తుంటి ఆపరేషను కబురు ఒక పంతొమ్మిదేళ్ళ పిల్లకి చేరింది. ఆ పిల్ల తెప్పించుకున్న పెళ్ళి గౌను లెయోన్స్ ఇంటికి చేరింది. ఆయన మూడు రోజుల దాకా తిరిగివ్వలేదు, ఎందుకో ఇప్పటికీ ఎవరికీ తెలీదు. చివరికి పైనుంచి తాఖీదు వచ్చింది: ప్రతి దారికీ పేరు పెట్టాలి, ప్రతి ఇంటికీ నంబరు వెయ్యాలి.

మాకున్నవి ఆరు దారులు. ఐదింటికి చిటికెలో పేర్లు దొరికాయి. ఏటా ఆగస్టులో ఎక్కడెక్కడి బుస్కారెల్‌లూ ఊళ్ళో చేరి, పొడుగాటి బల్లల మీద తిని తాగే రోజొకటుంది. ఆ రోజున హాల్లో వంశంలో గొప్పవాళ్ళ బొమ్మలు వేలాడదీస్తారు. నెపోలియన్ సైన్యంలో పనిచేసిన కర్నల్ ఎవరిస్త్ బుస్కారెల్. మూడు రకాల నాచుని కనిపెట్టిన బుస్కారెల్. బిషప్ బుస్కారెల్. పారిస్‌లో పాటలు పాడి రెండు పెళ్ళిళ్ళు చెడగొట్టిన మదాం బుస్కారెల్. గాలిబుడగలో ఎగిరి పందులదొడ్లో దిగిన బుస్కారెల్. ఐదుగురికీ తలా ఒక దారి ఇచ్చేశాం.

మిగిలింది చర్చి దగ్గర్నుంచి ఏటి దాకా దిగే పల్లం దారి. దాని మధ్యలో లెయోన్స్ ఇల్లు, అడుగున సిదోనీ ఇల్లు. మీటింగులో లెయోన్స్ లేచి, "దానికి పేరెందుకు వెతకడం? అందరం అనేదే పెడదాం. దొంగ దారి" అన్నాడు. హాలంతా ఘొల్లుమంది. నవ్వు ఆగాక చూస్తే సగం మంది నిజంగానే తలూపుతున్నారు.

సిదోనీ మొహం పాలిపోయింది. ఇన్నాళ్ళూ ఆ మాట ఊరు దాటలేదు. ఇప్పుడది దారి పేరు రాసే రేకు మీదకెక్కి ఆవిడ గోడకి తగులుకుంటుంది. ఆవిడకొచ్చే ప్రతి కవరు మీదా ఉంటుంది. మేయరు ఫుల్‌క్రాన్ మంచివాడు, ఎవరినీ నొప్పించలేక మీసం నమిలే రకం.

"ఆరు వారాలు ఆగుదాం. ఈలోగా మీ ఇంట్లోంచి ఒక గొప్పవాణ్ణి పట్టుకురా అక్కా. ఆయన పేరే పెట్టేద్దాం" అన్నాడు.

సిదోనీ వారానికి రెండుసార్లు బస్సెక్కి జిల్లా పాత కాగితాల ఆఫీసుకి పోయింది. వచ్చిన ప్రతిసారీ నా దగ్గర ఆగి చెప్పేది. ఒక తాత సంతలో పందుల పోటీకి జడ్జి. ఒక అవ్వ పదహారు మందిని కంది. ఒకడు పాఠాలు చెప్పబోయాడు గానీ చదువు రాలేదు.

"కర్నల్ గారి కాగితాలు కూడా కనబడ్డాయి గిలెన్. యుద్ధమంతా గోదాములో బూట్లు లెక్కపెట్టాడు పాపం."

"మీటింగులో చెప్పెయ్, లెయోన్స్ నోరు మూతపడుతుంది."

"ఛ. చచ్చినవాడి బూట్లు లాగుతామా ఎక్కడన్నా?"

ఆఖరి గురువారం బస్సు దిగి నా దగ్గర ఆగలేదు. చేతిసంచీ పొట్టకి అదుముకుని తిన్నగా ఇంటికి పోయింది. ఏమీ దొరకలేదనుకుని నేను ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

మర్నాడు మీటింగుకి నీలం కోటు వేసుకుని వచ్చింది. కళ్ళజోడు తుడుచుకుంది.

"గొప్పవాడు దొరకలేదు, దొంగే దొరికాడు. పేరు అంతొనిన్ బుస్కారెల్. కోర్టు కాగితం ఇది, చదువుతాను."

అది పద్ధెనిమిది వందల పదిహేడు నాటిది. అంతకు ముందు ఏడాది ఎండాకాలమే రాలేదు, పంట కుళ్ళిపోయింది, చలికాలానికి జనం నాచు ఉడకబెట్టుకున్నారు. చర్చి పక్కన దొరగారి కొట్టు నిండా చక్రాల్లా పోసి గట్టిపడిన జున్ను ఉంది. అంతొనిన్ తాళం పగలగొట్టి నలభై కిలోల జున్ను చక్రం ఒకటి బయటికి తీశాడు. మొయ్యలేక దొర్లించాడు. చక్రం పల్లంలో చెయ్యి జారి, ఒక ఇంటి తలుపు బద్దలుకొట్టి, అడుగున ఉన్న అంతొనిన్ ఇంటి దగ్గరే ఆగింది. వెనకాల మంచులో గాడి పడింది. గుడ్డివాడు కూడా ఆ గాడి పట్టుకుని దొంగ ఇంటికి పోగలడు.

"జడ్జి పంతొమ్మిది మందిని పిలిచాడు," అంది సిదోనీ. "దొంగ ఎవరని అడిగాడు. ఒకటో సాక్షి: బుస్కారెల్ అండీ. ఏ బుస్కారెల్? ఏమో అండీ, మా ఊళ్ళో అందరం బుస్కారెల్‌లమే. రెండో సాక్షిదీ అదే మాట. పంతొమ్మిది మందిదీ అదే. గుమాస్తా రాయలేక ఐదో వాడి నుంచి 'పై విధంగానే' అని పెట్టాడు. అడుగున జడ్జి గారు ఒక ముక్క రాయించారు: సాక్షులందరి ఒంటిమీదా జున్ను వాసన వస్తోంది. కేసు కొట్టేశారు."

నాకు ఇరవై ఆరేళ్ళనాటి చేప గుర్తొచ్చి కళ్ళు తడిశాయి.

"తలుపు విరిగింది ఎవరిది?" అన్నాడు లెయోన్స్ మెల్లగా.

"మీదే. ఒకటో సాక్షి మీ తాతల తాత, కర్నల్ గారి నాన్న. తలుపెలా విరిగిందంటే, గాలికి అన్నాడు."

లెయోన్స్ చేతుల్లోని టోపీని చాలాసేపు తిప్పాడు.

"ఇన్నాళ్ళూ ఈ పేరు మా నెత్తిన మీరు వేసిన మచ్చ అనుకున్నాను," అంది సిదోనీ. "జడ్జి ముందు ఒక్కడూ అనని మాటిది. గండం గడిచాక ఇంటికొచ్చి కడుపునిండా తిని, నవ్వుకుంటూ పెట్టుకున్న పేరు. నాకు వేరే గొప్పవాడు అక్కర్లేదు ఫుల్‌క్రాన్. దొంగ దారి అనే రాయించు. నా గోడకే కొట్టించు."

ఫుల్‌క్రాన్ మీసం నమిలాడు. "బయటివాళ్ళకి చెప్పకూడదు కదక్కా?"

"రెండొందల ఏళ్ళు దాచాం. ఇంక ఎవడొచ్చి పట్టుకుంటాడు?"

చేతులెత్తమన్నారు. అందరికంటే ముందు లేచింది లెయోన్స్ చెయ్యి. టోపీ ఇంకా అందులోనే ఉంది.

రేకు మే నెలలో వచ్చింది. మేకులు కొట్టిన మర్నాడు నేను సిదోనీ గుమ్మంలో కూచుని బఠాణీలు ఒలుస్తున్నాను. లెయోన్స్ రొట్టెలు కొనుక్కుని దారి దిగుతున్నాడు. సిదోనీని చూడగానే బడినాటి అలవాటు, సంచీ గుండెలకి హత్తుకున్నాడు. అంతలో గుర్తొచ్చి ఆగిపోయాడు. ఏం చెయ్యాలో తెలియక సంచీలోంచి జున్ను ముక్క తీసి, కత్తితో సగం కోసి, ఆవిడ ఒళ్ళో పెట్టాడు.

సిదోనీ వాసన చూసి కొరికింది.

"నువ్వూ తిను లెయోన్స్," అంది. "తిన్నాక ఇంక చెప్పలేవు."