సంత ఆవుకూ పెన్‌డ్రైవుకూ వేరే గుంజ

నా పేరు గంగులమ్మ. డెబ్బై దాటాయి. పుంగనూరు పక్క పల్లెలో కోడలితో, ఆవులతో ఉంటున్నాను. చదువు రాదు. నేను చెబుతున్నాను, కోడలు రాస్తోంది. మా కంప్యూటరు భాయ్ మొన్న మదనపల్లె ఆసుపత్రిలో కన్నుమూశాడు. సమాధి మీద మట్టి తడి ఆరకముందే పాల కేంద్రం దగ్గర నోళ్లు లేచాయి: "కేంద్రం కంప్యూటరుకు వైరస్ పెట్టింది ఆయప్పే. మళ్లీ రిపేరుకు పిలుస్తారని!" అది విన్నప్పటి నుంచి నాకు ఒకచోట కూర్చోబుద్ధి కావడం లేదు.

భాయ్ కుప్పంలో కంప్యూటర్లు బాగుచేసే పని నేర్చుకొచ్చి పుంగనూరు బస్టాండు వెనక కొట్టు పెట్టాడు. టీ పూర్తిగా చల్లారాకే తాగేవాడు. గడప బయట గోడకు ఒక మేకు. ఎవరు పెన్‌డ్రైవు తెచ్చినా ముందు దానికే తగిలించాలి. విడిగా పెట్టిన పాత మిషన్లో చూశాకే లోపలికి. నాకు నవ్వొచ్చింది.

"ఏం భాయ్, దీనికి గూడా మైలుందా?"

"సంతలో కొన్న ఆవును నేరుగా కొట్టంలో కట్టేస్తావా అమ్మా?"

"యాల కడతా? గాలికుంటు ఉంటే అన్నిటికీ అంటుకోదా? వేరే గుంజకు కడతా."

"ఇదీ అంతే."

ఒకసారి పాల కేంద్రం కంప్యూటరు మిషన్‌కు మాటిమాటికీ వైరస్ వస్తోందని, అందులోని పాత సిస్టం తీసి వేరే సిస్టం వేశాడు. కొత్తది ఏది ఎక్కించాలన్నా అది పాస్‌వర్డ్ అడిగేది. పాలు పోయడానికి వచ్చినవాళ్లంతా పాటలు ఎక్కించుకునే మిషన్ అది. కేంద్రం సెక్రటరీకి ఒళ్లు మండింది. "నా మిషను నన్నే అడిగేదేంది?" అన్నాడు. పాల లెక్కల సాఫ్ట్‌వేరూ అందులో నడవలేదు. పాతదే వేయించుకుని, పాస్‌వర్డ్ తీసేయించాడు.

"ఆ పాతదానికే యాల ఇన్ని రోగాలు భాయ్?" అని అడిగాను.

"ఎక్కువమంది దగ్గర ఉండేది అదే గదమ్మా. ఒక్క దొంగతాళంచెవి చేసుకుంటే ఊర్లో ఇండ్లన్నీ తెరవాలని సూస్తాడు దొంగ. పైగా మనోళ్లు తలుపు తీసే పెడతారు."

"రెండోదానికి రోగమే రాదా?"

"వస్తాది. తక్కువ. జనం దాని దగ్గర సేరితే దొంగలూ ఆడికే పోతారు."

సెక్రటరీ పక్కనే వింటున్నాడు; రాదని ఒక్క మాట అనుంటే ఆ రోజు ఆయన పంతమే నెగ్గేది. అనలేదు. అలాంటి మనిషి వైరస్ పెడతాడా?

ఇంకొకటి రాయమ్మా. మిషన్ పాడైననాడు ఆయన ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. సెక్రటరీ బావమరిది వచ్చి పెళ్లి ఫోటోల పెన్‌డ్రైవు అందులో గుచ్చడం, మిషన్ అక్కడికక్కడే బిగుసుకుపోవడం పాలు పోస్తూ నేను కళ్లారా చూశాను. ఎవరి ముందైనా చెబుతాను.

నిన్న కొట్టు దగ్గరికి పోయాను. షట్టరు దించి ఉంది. చావు సంగతి తెలియని వాళ్లెవరో మేకుకు ఎర్రదారం కట్టిన పెన్‌డ్రైవు తగిలించి పోయారు. బస్సు కదిలినప్పుడల్లా ఊగి గోడకు కొట్టుకుంటోంది.

గంగులమ్మ, ఎడమచేతి బొటనవేలి ముద్ర.
ముద్ర వేస్తుంటే చూసినవాళ్లు: కేంద్రంలో పాలు పోసే మునెప్ప, భాయ్ కొట్టు పక్క టైలరు మస్తానమ్మ.