నవ్వు చూసి పన్ను

మా ఆవిడ పళ్ల డాక్టరు. ఇంట్లో నాతో నవ్వుతూ మాట్లాడ్డానికి తీరిక ఉండదు గానీ, క్లినిక్‌లో కుర్చీ ఎక్కినవాళ్లని మాత్రం పొట్ట చెక్కలయ్యేలా నవ్విస్తుంది. సరదాకి కాదు, అది ఆమె పనిలో భాగం. ఊడిన పన్ను చోట బ్రిడ్జి కట్టాలంటే, అటూ ఇటూ ఉన్న పళ్లకు తొడుగులు వేసి, మధ్యలో కొత్త పన్ను నిలబెడతారు. దాని అడుగు చిగురు మీద ఎలా ఆనాలన్నదే అసలు తలనొప్పి. వెనక దవడ పన్నైతే చిగురుకు తగలకుండా ఎత్తుగా వదిలేస్తుంది. శుభ్రం చేసుకోవడం తేలిక, పైగా ఎవరూ చూడరు. ముందుపన్నుకి అలా కుదరదు. నవ్వినప్పుడు పై పెదవి చిగురు దాకా లేచేవాళ్లకి, గుడ్డులా గుండ్రటి అడుగున్న పన్ను చిగురులోకి కాస్త దిగేలా పెడుతుంది, అక్కడే మొలిచినట్టు. పెదవి లేవనివాళ్లకి పైపైన ఆనేది చాలు. చిన్న సందున్నా పెదవి కప్పేస్తుంది.

ఇంత తెలిసిన మనిషి మా నాన్న దగ్గర బోల్తా పడింది.

నాన్న రిటైరైన బస్సు డ్రైవరు. వీధిలో పిల్లలు ఆయన్ని ‘సీరియస్ తాత’ అంటారు. ముందుపన్ను పోయి చాలా ఏళ్లయింది. అమ్మ పోరు పడలేక ఎట్టకేలకు కోడలి కుర్చీ ఎక్కాడు. మా ఆవిడ తన దగ్గరున్న జోకులన్నీ బయటికి తీసింది. ఆయన గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

“మీ నాన్న నవ్వితే కదా పెదవి లేచేది! పైపైన ఆనేది చాలు,” అని నాతో తేల్చేసింది. అసలుది తయారయ్యేలోపు అదే ఆకారంలో ప్లాస్టిక్ పన్ను ఒకటి పెట్టి పంపింది.

ఆ సాయంత్రం నాన్న అద్దం ముందు నిలబడి ఇటు తిరిగి చూసుకున్నాడు, అటు తిరిగి చూసుకున్నాడు. ఉన్నట్టుండి నవ్వాడు. అలాంటిలాంటి నవ్వు కాదు, చిగుళ్లన్నీ బయటపడే నవ్వు! నాకు ఊహ తెలిశాక చూడనిది. నేను నోరెళ్లబెట్టాను. పన్నుకీ చిగురుకీ మధ్య నల్లటి సందు చూసి మా ఆవిడ తల పట్టుకుంది. నాన్న కూడా చూసుకున్నాడు. టక్కున నోరు మూసేశాడు.

“మామయ్యగారు నవ్వరు కదా అని ఈ పన్ను పెట్టానత్తయ్యా. పన్ను లేకే నవ్వడం మానేశారని నా బుర్రకి తట్టలేదు.”

“నన్నడిగితే చెప్పేదాన్ని కదే! పెళ్లైన కొత్తల్లో ఈయన నవ్వితే పక్కింటికి వినబడేది,” అంది అమ్మ.

“మామయ్యగారూ, వేరేది పెడతాను. చిగురు కాస్త సరిచెయ్యాలి, కొంచెం నొప్పి ఉంటుంది. ఆ తర్వాత రోజూ దారంతో పన్ను అడుగున శుభ్రం చేసుకోవాలి.”

“వద్దులే అమ్మాయ్. ఈ వయసులో నా నవ్వు ఎవరు చూడొచ్చారు? ఇలాంటిదే బిగించెయ్.”

నాకు ప్రాణం ఉసూరుమంది. ఇప్పుడే దొరికిన నవ్వు అప్పుడే పోయింది.

తువ్వాళ్లు మడతపెడుతున్న అమ్మ తలెత్తింది. “నేను చూడనూ? ఇన్నేళ్లూ ఎదురుచూసింది ఎవరనుకున్నారు?”

మర్నాడు మా ఆవిడ క్లినిక్ తలుపు తీసేసరికి నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

“నొప్పి సంగతి నేను చూసుకుంటా. మీ అత్త చూసేలా పెట్టు,” అన్నాడు.