కొవ్వని చెప్పాను

ఏళ్లుగా ఈ మాటను గొంతులో ముల్లులా మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో అడవి పందుల్లో ఉండే పురుగుల మీద పరిశోధన చేసేదాన్ని. పురుగులు అన్ని పందుల్లోనూ సమానంగా ఉండవు. చాలా పందుల్లో ఒకటీ అరా ఉంటే, ఎక్కడో ఒకదాంట్లో కుప్పలు కుప్పలుగా ఉంటాయి. నాకు కావలసింది ఆ ఒక్క పంది. అది దొరక్క, కామారెడ్డిలో అద్దె గదిలో కూర్చుని అందరి మీదా చిరాకుపడేదాన్ని.

లింగంపేట దగ్గర మక్కజొన్న చేన్లలో రైతులు పందులకు కరెంటు తీగ పెట్టేవారు. అది నేరం. నేను ఎవరికీ చెప్పనన్న నమ్మకంతో, పంది పడితే నాకు ఫోన్ చేసేవారు. పేగులు, కాస్త కండ నాకు, మిగతా మాంసం వాళ్లకు. మాంసం పోగులు పెట్టి పంచుకోకముందే నాలుక, కార్జం ముక్కలు గట్టు మీదే నిప్పుల్లో కాల్చుకుని, సగం పచ్చిగానే తినడం వాళ్ల అలవాటు.

ఒక పొద్దున ఫోన్ వస్తే వెళ్లాను. నాలుక కోస్తున్న ఆ చేను రైతు తల్లి రాజవ్వ చెయ్యి ఆగింది. కండ నిండా బియ్యపు గింజల్లాంటి తెల్లటి బుడగలు.

"గీ తెల్లగున్నయి ఏంది బిడ్డా? తినొచ్చా, పారెయ్యమంటవా?"

నా గుండె ఎగిరి గంతేసింది. దొరికింది! కానీ పురుగులని చెబితే భయపడిపోతారు. ఇక నన్ను పిలవరు.

"కొవ్వు అవ్వా. తిను, ఏం కాదు."

ఆమె నవ్వి, మొదటి ముక్క కాల్చి నాకే ఇవ్వబోయింది. నాకు పడదన్నాను.

పచ్చిగా తిన్నవాళ్ల పేగులో ఆ బుడగ బద్దె పురుగై పెరుగుతుంది. దాని గుడ్లు కడగని చేతుల నుంచి ఇంట్లోవాళ్ల అన్నంలోకి, అక్కడి నుంచి మెదడులోకి చేరవచ్చు. తెలియక చేశానా? కాదు. అదే నా చదువు.

కొన్నాళ్లకు రాజవ్వ కోడలికి ఫిట్స్ మొదలయ్యాయి. బీడీలు చుడుతూ చుడుతూనే పక్కకు ఒరిగిపోయేదట. నేను వెళ్లేసరికి కొడుకు వాకిట్లో తల్లిని తిడుతున్నాడు.

"బాణామతి జేసి నా పెండ్లాన్ని తింటున్నవ్! పో, నా ఇంట్ల ఉండకు!"

రాజవ్వ ఏడవలేదు. నా వైపు తిరిగింది. "సదువుకున్నదానివి బిడ్డా. నేను గట్ల చేస్తనా? జర చెప్పు వానికి."

ఒక్క మాట చాలు. అది బాణామతి కాదు, పురుగు, మందులున్నాయి అని. కానీ ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే? "దవాఖానకు తీస్కపో అన్నా" అని మాత్రం అని బండెక్కాను. ఆ పంది వల్లే వచ్చిందని ఎవరు తేల్చగలరని దారి పొడవునా నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఛీ, ఎంత నీచం! ఆ పందితోనే నా పరిశోధన నిలబడింది. ఉద్యోగమూ వచ్చింది.

కోడలు ఇప్పటికీ ఫిట్స్ మందుల మీదే ఉంది. రాజవ్వ ఒంటరిగా ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర పల్లీలు అమ్ముకుంటోంది. మొన్న బస్సు కిటికీలోంచి చూశాను. చెయ్యి చాపిన చిన్నపిల్లను ఒక తల్లి చటుక్కున వెనక్కి లాగింది.

"అది మంత్రాలది. దాని చేతిది తినొద్దు."

రాజవ్వ తల దించుకుంది. నేను బస్సు దిగలేదు.

ఇదంతా రాశాక నాకు కాస్త ఊపిరి ఆడుతోంది. నాకే. ఆమెకు ఇంకా ఎవరూ ఏమీ చెప్పలేదు.