అత్తకి మా నోళ్ళు కనబడని రోజులు

మా ఎదురింటి అత్త పోయింది. శనివారం పొద్దున ఆనేకల్ నుంచి ఆమె చెల్లెలు ఫోన్ చేసి చెప్పింది. నిద్రలోనే పోయిందట. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఆ కబురు పెట్టబోయి చాలాసేపు ఆగిపోయాను. కరోనా రోజుల్లో మాస్కుల గురించి మేమంతా కొట్లాడుకున్నది ఈ గ్రూపులోనే. ఆ గొడవలో ఏ పక్షమూ కాకుండా నష్టపోయిన మనిషి ఆమె.

ఆమె నాకు బంధువు కాదు. ఉద్యోగానికని ఒంగోలు నుంచి బెంగళూరు వచ్చి హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో దిగిన రోజు నేను "ఆంటీ" అని పిలిస్తే, నా నోటి వంక చూసి నవ్వి, "ఆంటీ ఏందప్పా, అత్తా అను" అంది. ఇరవై రెండేళ్ళప్పుడు జ్వరం వచ్చి రెండు చెవులూ పోయాయట. మెషిన్ పెట్టుకుంటే హోరు తప్ప మాట తెలిసేది కాదు. అందుకని పెదవులు చూసి మాట పోల్చుకోవడం నేర్చుకుంది. తెలుగూ కన్నడమూ రెండూ. వాళ్ళింటి కాలింగ్ బెల్ నొక్కితే హాల్లో ఎర్ర బల్బు వెలిగేది. చీరలకి ఫాల్స్ కుడుతూ ఆ బల్బుకి ఎదురుగా కూర్చునేది.

"పప్పన్నా మబ్బన్నా నాకు ఒగటేనప్పా. గిన్నె పక్క చూస్తే పప్పు, పైకి చూస్తే మబ్బు" అని ఒకసారి చెప్పింది. నేనూ మా ఆవిడా అద్దం ముందు నిలబడి అని చూసుకున్నాం. నిజమే, రెంటికీ పెదవులు ఒకేలా కదులుతాయి.

అర్థం కానప్పుడు తల ఊపేసేది. మళ్ళీ చెప్పమంటే ఎదుటివాళ్ళు విసుక్కుంటారని భయం. "సుమ్నే ఊపేస్తా" అనేది, ఊరికే అని కన్నడంలో. ఆమె భర్తని నేను మామా అనేవాణ్ణి. ఆయనకి ఈ అలవాటంటే కోపం.

మాస్కులు వచ్చాయి. లిఫ్టులో, మెట్లమీద, కూరగాయల బండి దగ్గర ఎక్కడా నోళ్ళు కనబడలేదు. సొంత అంతస్తులో కూడా మాస్కు పెట్టుకోవాలా అని అపార్ట్‌మెంటు రెండుగా చీలింది. నేను సెక్రటరీని. కింద పార్కింగులో కుర్చీలు దూరదూరంగా వేసి మీటింగు పెట్టాను. అత్త ముందు వరసలో కూర్చుని, మాట్లాడుతున్నది ఎవరో తెలియక తల అటూ ఇటూ తిప్పుతూనే ఉంది. చివరికి లేచింది.

"నేను మాస్కు వద్దనడం లేదప్పా. నాతో మాట్లాడేటప్పుడు దూరంగా నిలబడి ఒక నిమిషం దించండి. అంతే."

మాస్కే దండగ అనే ఆయన చప్పట్లు కొట్టాడు. ఆ చేతులు చూసి అత్త కంగారుపడింది. "నీ పక్క కాదప్పా నేను" అంది.

అప్పుడు మూడో అంతస్తు ఆయన లేచి చిన్నగా ఏదో చెప్పి కూర్చున్నాడు. అందరూ తలలు వంచుకున్నారు. "ఏమన్నాడు?" అని అత్త నన్ను అడిగింది. సంతకాల కాగితం వెనక రాసిచ్చాను. 'వాళ్ళావిడకి కాన్సరు మందులు ఎక్కిస్తున్నారు. ఎవరు మాస్కు దించినా తనకి భయమేస్తోందట.'

అత్త రెండుసార్లు చదివింది. "అట్లయితే వద్దులే. అందరూ పెట్టుకోవాలని రాసుకోప్పా" అంది.

అలాగే రాశాను. నోటి దగ్గర ప్లాస్టిక్ ఉన్న మాస్కులు కొన్ని తెప్పించాను. రెండు నిమిషాల్లో ఆవిరి పట్టి మసకబారేవి. నాకు ఇంకేమీ తోచలేదు.

మరుసటి ఏడాది మామకి జబ్బు చేసింది. ఆస్పత్రిలో వార్డులోకి ఎవరినీ రానివ్వరు. అత్త కింద హాల్లో కూర్చునేది. నాలుగోరోజు మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని ఉంది.

"పొద్దున ఒకాయన వచ్చి చెప్పిపోయినాడప్పా. బాగుండాడంట" అంది.

కౌంటరులో అడిగాను. మామ తెల్లవారుజామునే పోయాడు. "ఆమెకి చెప్పాం సార్, తల ఊపారు" అన్నాడు అక్కడి మనిషి. అతను తలనుంచి కాళ్ళదాకా తెల్లటి సూటులో ఉన్నాడు. అతన్ని ఏమనగలను?

వచ్చి అత్తకి ఎదురుగా నిలబడ్డాను. చెయ్యి మాస్కు మీదికి వెళ్ళింది. "మాస్క్ హాకి సార్!" మాస్కు పెట్టుకోమని గార్డు కన్నడంలో అరిచాడు. చెయ్యి దించేశాను. నిజం చెప్పాలంటే, అతను అరవకపోయినా నేను మాస్కు తీసేవాణ్ణో లేదో తెలియదు. ఇంట్లో ఏడునెలల పాప ఉంది. ఫోన్లో టైపు చేశాను. చెరిపేశాను. మళ్ళీ టైపు చేసి చూపించాను.

ఆమె చదివింది. ఫోన్ నా చేతికిచ్చి, "మరి పొద్దున ఆయన చెప్పిందేందప్పా?" అని అడిగింది.

మాస్కు వెనక నుంచి నేనేం చెప్పినా ఆమెకి కనబడేది కాదు.

ఆ తర్వాత ఆమె ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. ఎవరినీ తప్పుపట్టలేదు. మూడో అంతస్తు ఆవిడ కోలుకుంది, ఇప్పుడు రోజూ నడకకి దిగుతోంది. ఆవిడని చూసిన ప్రతిసారీ నాకు సంతోషమే. ఆ రోజు ఆ తీర్మానం ఇంకోలా రాసి ఉండాల్సిందని ఇప్పటికీ అనలేను. అత్తకి క్షమాపణ చెప్పుకోవాలని ఎన్నోసార్లు బయల్దేరాను. దేనికని చెప్పను?

మాస్కులు పోయాక సాయంత్రాలు గేటు దగ్గరి సిమెంటు బెంచీ మీద వచ్చేపోయేవాళ్ళని చూస్తూ కూర్చునేది. "వాళ్ళు మాట్లాడేది తెలుస్తుందా అత్తా?" అని అడిగాను.

"కొంచెం తెలుస్తాది, కొంచెం తెలీదు. నోర్లు కనపడతా ఉండాయి కదప్పా, చాలు."

చెల్లెలి దగ్గర ఉండడానికి ఆనేకల్ వెళ్ళే ముందు వారం ఆమెని అక్కడే చూశాను. స్కూలు వ్యాను దిగిన పిల్లలు ఐసుపుల్లలు చీకి, ఎవరి నాలుక ఎక్కువ ఎర్రగా ఉందో తేల్చమని ఆమె చుట్టూ మూగారు. నలుగురూ నోళ్ళు బార్లా తెరిచి నిలబడ్డారు. అత్త కళ్ళజోడు సవరించుకుని, ముందుకు వంగి, తొందర లేకుండా ఒక్కొక్కరి నోరూ చూస్తోంది.