పెద్దల ముందు ఆడిన సీను

ఫలానా సినిమాలో ఫలానా సీను ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుందని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. పైగా కారణాలు చెబుతారు. నటన గొప్పదట, మాటలు గొప్పవట. వట్టిది. తెర మీద ఒకరికి అన్యాయం జరుగుతుంటే మనం హాయిగా కూర్చుని ఏడవొచ్చు. లేచి అడ్డుపడక్కర్లేదు. ఆ సుఖం ఇంకెక్కడా దొరకదు కాబట్టి గుర్తుంటుంది. ఈ మాట ఊరికే అనడం లేదు. పదేళ్ల వయసులో నేను ఒక సీను చూశాను. దాన్ని మళ్లీ ఆడి చూపించి మా పిన్ని బతుకు బుగ్గి చేశాను.

మాది బందరు. మిషను బడి పక్క వీధిలో ఉండేవాళ్లం. మా క్రైస్తవ కుటుంబాల్లో ఆ రోజుల్లో సినిమా హాలుకు వెళ్లడమంటే సారా కొట్టుకు వెళ్లినంత లెక్క. పిన్ని, అంటే అమ్మ చెల్లెలు, ఆ బడిలోనే టీచరు. పెళ్లి కాలేదు. బడి వెనక ఇచ్చిన గదిలో ఉండేది. ఉద్యోగం పోతే గదీ పోతుంది, ఇంకో ఆధారం లేదు. ఆ ఉద్యోగానికి ఒక షరతుండేది. టీచరైన మనిషి సంఘంలో మంచి పేరుతో ఉండాలి, చర్చిలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె, రసం తీసుకోవడానికి అర్హత ఉండాలి. ఆ రొట్టె, రసం ఇచ్చే ఆదివారానికి ముందు శనివారం సంఘ పెద్దలు కూర్చుని, బల్లకు ఎవరు రావచ్చో ఎవరు రాకూడదో తేల్చేవారు. బల్ల తప్పితే బడీ తప్పినట్టే.

అలాంటి మనిషికి ముప్పై ఏళ్లు దాటాక ఒక్క సినిమా చూడాలని బుద్ధి పుట్టింది. బందరులో అయితే ఎవరి కంటో పడతాం. బడికి పలకలు కొనాలన్న వంకతో నన్ను తోడు తీసుకుని రైల్లో గుడివాడ వెళ్లింది. మ్యాట్నీలో ఆడవాళ్ల బెంచీల్లో చివర కూర్చున్నాం. దీపాలు ఆరగానే పిన్ని కొంగు తల మీదికి లాక్కుని, కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. ఏమని చేసిందో తెలియదు. నాకు మాత్రం నవ్వొచ్చింది.

సినిమాలో ఒక తల్లి నలుగురిళ్లలో అంట్లు తోమి కొడుకును చదివిస్తుంది. వాడు పెద్ద ఉద్యోగస్థుడవుతాడు. ఆమె ఒకనాడు వాణ్ని చూడాలని మూట పట్టుకుని బంగళాకు వస్తుంది. లోపల విందు జరుగుతుంటుంది. ఈ ముసలమ్మ ఎవరని ఒక అతిథి అడుగుతాడు. కొడుకు ఒక్క క్షణం తడబడి, "మా పనిమనిషి" అంటాడు. తల్లి వాడి వంక చూస్తుంది. మూట గోడవార పెట్టి, "అంట్లెక్కడున్నాయి బాబూ?" అంటుంది. పెరట్లో కూర్చుని ఆ అతిథులు తిన్న పళ్లేలన్నీ తోముతుంది. అంతే సీను. హాలంతా గొల్లున ఏడ్చింది. పిన్ని నా చెయ్యి పట్టుకుని, రైలెక్కేదాకా వదల్లేదు.

నాకు ఒక్కసారి విన్నది అచ్చు గుద్దినట్టు వచ్చేసేది. సండే స్కూల్లో బైబిలు కంఠత వాక్యాల పోటీ పెడితే బహుమతి ఎప్పుడూ నాదే. అధ్యాయాలకు అధ్యాయాలు ఊపిరి తిప్పుకోకుండా ఒప్పజెప్పేదాన్ని. ఆ తెలివి ఊరికే ఉండనిస్తుందా? వారం తిరక్కుండానే హాస్టలు పిల్లలకు బట్టలుతికే బండ దగ్గర ఆ సీను ఆడి చూపించాను. ఒక పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. ఎందుకేడుస్తున్నావని మేట్రన్ అడిగింది. సంగతి అక్కణ్నించి పెద్దల దాకా పాకింది.

నన్ను తీసుకుని గుడివాడ ఎందుకు వెళ్లావని పెద్దలు అడిగితే, పలకల కోసమే వెళ్లామని పిన్ని చెప్పింది. అయితే పిల్లను కూడా అడుగుదామన్నారు. శనివారం పొద్దున్నే పిన్ని మా ఇంటికి వచ్చి, పెరట్లో నా ముందు గొంతుక్కూర్చుంది.

"హాస్టలు పిల్లలెవరో చెప్పుకుంటుంటే విన్నానని చెప్పవే. ఆ ఒక్క ముక్కే. నా తల్లివి కదూ," అంది. ఆమె పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

చర్చి పక్క గదిలో పాస్టరుగారు, ఆయన భార్య, ముగ్గురు పెద్దలు కూర్చున్నారు. పిన్నిని గోడ దగ్గర నిలబెట్టారు.

"ఆ మాటలు నీకెవరు చెప్పారమ్మా?" అని కళ్లద్దాల పెద్దాయన అడిగారు.

"హాస్టలు పిల్లలు చెప్పుకుంటుంటే విన్నానండి."

పిన్ని ఊపిరి వదలడం వినిపించింది.

"ఏదీ, ఏం విన్నావో చెప్పు," అన్నారాయన.

ఐదుగురు పెద్దవాళ్లు నా నోటి వంకే చూస్తున్నారు. మొదలుపెట్టాను. అతిథిలా దగ్గాను. కొడుకులా చొక్కా బొత్తాం సర్దుకున్నాను. నడుం వంచి, లేని మూటను గోడవార దించి, "అంట్లెక్కడున్నాయి బాబూ?" అన్నాను. కింద చతికిలబడి, లేని బూడిద తీసుకుని లేని పళ్లెం తోముతూ, మధ్యలో మోచేత్తో కళ్లు తుడుచుకున్నాను. పాస్టరుగారి భార్య కొంగు నోట్లో కుక్కుకున్నారు. పెద్దల్లో ఇద్దరు కండువాలతో ముక్కులు తుడుచుకున్నారు. ఆ క్షణంలో కలిగినంత ఆనందం నాకు మళ్లీ జన్మలో కలగలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను.

కళ్లద్దాల పెద్దాయన అద్దాలు తీసి కళ్లొత్తుకుని, "ఇది విని చెప్పింది కాదండీ, చూసి చెప్పింది," అన్నారు. ఆ తల్లి కోసం కార్చిన కన్నీళ్లు ఇంకా ఆరనేలేదు, అందరూ పిన్ని వైపు తిరిగారు.

మర్నాడు ఆరాధనలో పిన్నిని లేచి నిలబడమన్నారు. సినిమాకు వెళ్లినందుకు ఒకటి, అబద్ధమాడినందుకు ఒకటి, పసిపిల్ల చేత ఆడించినందుకు ఇంకొకటి, మూడు తప్పులూ సంఘం ముందు ఒప్పించారు. మూడోది ఆమె నేల చూస్తూ గొణిగింది. గట్టిగా చెప్పమన్నారు. ఏడాది పాటు బల్ల నుంచి ఆపేశారు. నన్ను మాత్రం, పసిది దానికేం తెలుసని తల నిమిరారు.

ఖాళీ అయిన ఉద్యోగం మా అమ్మకు ఇచ్చారు. అమ్మ ట్రైనింగు అయి మూడేళ్లుగా ఇంట్లోనే ఉంది. వద్దనలేదు. "నేను కాదంటే ఇంకెవరో చేరతారు," అంది నాన్నతో. అది నిజమే. నిజం కాబట్టే ఇప్పటికీ రోత పుడుతుంది.

పిన్ని దివిసీమలో ఉన్న మేనమామ ఇంటికి బయల్దేరింది. సుద్దముక్క పట్టిన చేత్తో అక్కడ కూలికి నాట్లు వేసిందని తర్వాత విన్నాం. వెళ్లేముందు హాజరుపట్టీ అప్పగించడానికి మా ఇంటికి వచ్చింది.

"మూడో తరగతిలో ఒక పిల్లకి సరిగ్గా వినపడదక్కా. ముందు బెంచీలో కూర్చోబెట్టు," అంది.

"అన్నం తిని వెళ్లవే," అంది అమ్మ.

"వద్దులే, బస్సుకి వేళైంది."

వీధరుగు మీద నేను తిట్ల కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాను. ఆమె తిట్టలేదు. నా ముందు ఆగి, మెల్లిగా అడిగింది. "మిగతాది మర్చిపోయానండీ అంటే సరిపోయేది కదే. నీకా ఆలోచన రాలేదా?"

"వచ్చింది పిన్నీ," అన్నాను. "కానీ అందరూ నన్నే చూస్తున్నారు."

పిన్ని ట్రంకుపెట్టె ఎత్తుకుని అవనిగడ్డ బస్సుకు వెళ్లిపోయింది. లోపల అమ్మ హాజరుపట్టీ విప్పి పిల్లల పేర్లు చదువుకుంటోంది.