చెట్టు కింది మనిషి

టీవీలో కొండసింహాల కార్యక్రమం వస్తే వెర్లిన్ బూట్లు కూడా విప్పకుండా దాని ముందు కూర్చుంటాడు. అమెరికాలో ఐడహో కొండల్లో ముప్పై చలికాలాలుగా చిరుతలాంటి ఆ సింహాలను కుక్కలతో తరిమి, చెట్టెక్కించి వేటాడుతున్నవాడు. చెట్టు కింద నిలబడి తేరిపార చూసి, పాలిచ్చే తల్లి అయితే వదిలేస్తాడు. ఆ సంగతి ఊరంతా చెప్పుకుంటాడు. వేట పాపమని టీవీవాడు మొదలుపెట్టగానే, "వీడెప్పుడైనా మోకాల్లోతు మంచులో నడిచాడా?" అని తిడతాడు. టీవీ కట్టెయ్యడు మాత్రం.

ఈ వారం తెరమీద వేటకుక్కలు సింహాన్ని చెట్టెక్కించాయి. పొయ్యి పక్కన నిద్రపోతున్న ముసలి కుక్క డాలీ లేచొచ్చి టీవీకి ఎదురుగా నిలబడి మొరగసాగింది. కొమ్మమీద సింహం, కింద తుపాకీతో ఒక మనిషి. "ఆ టోపీ అచ్చం నీదే," అంది భార్య నడీన్. "ఇక్కడ అందరిదీ అదే టోపీ," అన్నాడు వెర్లిన్. యజమాని తాడు కట్టి తీసుకెళ్లేదాకా చెట్టు వదలకూడదని డాలీకి నేర్పింది అతనే. తాడు కట్టి బయటికి నడిపించాడు. కుక్క ఊరుకుంది. అతను మాత్రం కార్యక్రమం అయ్యేదాకా మంచులోనే నిలబడ్డాడు. నడీన్ తలుపు తీసింది. "అయిపోయింది, రా." "ఏమన్నారు?" "వాడు కాల్చింది పాలిచ్చే తల్లినట." వెర్లిన్ కాసేపు తాడు చేతికి చుట్టుకున్నాడు.

"ఒక్కోసారి కిందనుంచి కనబడదు," అన్నాడు, ఎవరూ అడక్కుండానే.